అన్న బ్యాండు కొత్త మోత

అన్న ట్రాలీ ఆటో వెనక కీబోర్డు ముందు కూచున్నాడు, ఆటో నడుస్తోంది కానీ డ్రైవరు లేడు, రోడ్డుకు రెండు పక్కలా బరాత్ జనం ఉన్నారు కానీ ఎవరి మొహమూ సరిగ్గా ఆనడం లేదు, నేను ఏడు నెలల కూతురిని చంకనేసుకుని, అరచేత్తో దాని చెవి మూసి, ఆటో వెంట నడుస్తున్నాను. అన్న చనిపోయి అయిదు నెలలైందని నాకు తెలుసు. తెలిసినా ఆ మాట ఎత్తడం మర్యాద కాదనిపిస్తుంది.

"ఎక్కు చెల్లె, గట్ల నడుస్తవేంది?"

"బాక్సులు బంద్ చెయ్యి, ఎక్కుత."

"ఏందీ?"

ఆ సౌండు బాక్సుల్లోంచి వచ్చేది పాట కాదు, బండ మీద బండ పడ్డట్టు ఒకటే దెబ్బ, అది చెవికి కాక కడుపులో తగులుతుంది. ఎలాగో ఎక్కేసరికి అది ఆటో కాదు, మా పాత ఇంటి అర్ర, నా ఒళ్లో పిల్లకు బదులు చేట ఉంది, చేటలో తునికాకు, తంబాకు. తొమ్మిదిలో బడి మానేసి నేను బీడీలు చుట్టిన రోజులవి. అన్న గోడకు ఆనుకుని కొత్త ట్యూను వెతుకుతున్నాడు. ట్యూను బాగుంటే నా వేళ్లు వాటంతటవే ఉరుకుతాయి, బాగోకపోతే ఆకు చినుగుతుంది, అన్న నా మొహం చూడడు, వేళ్లనే చూస్తాడు, చూసి మారుస్తాడు. కీబోర్డు, ఎలక్ట్రిక్ ప్యాడ్లు, డోళ్లతో అన్న కట్టిన బ్యాండుకు నక్షత్ర ప్యాడ్ బ్యాండ్ అని పేరు పడి, ఏ ఊళ్లో పెళ్లయినా వాళ్లే రావాలన్నంత వరకూ, వాళ్ల ప్రతి పాటా ముందు నా ముందర పుట్టిందే. డోలు దెబ్బల మీద దారంలా సాగే సన్న గొంతొకటి ఉండేది ఆ కీబోర్డులో. ఇంకే బ్యాండుకూ లేదు.

"గా సన్న ట్యూను ఒక్కసారి కొట్టు అన్నా."

అన్న వేళ్లు సరిగ్గా ఆ ట్యూనుకే కదులుతాయి. వచ్చేది మోతే.

"నువ్వు గూడ అందరి లెక్కనే అయినవ్. పోరగాళ్లు తాగి ఎగిరితే సాలు నీకు."

"ఏందీ?"

"ఇన్నా ఇననట్టు జేస్తవ్. పెద్దోనివైనవ్ గద."

"నీ మొహం జూస్తే తెలుస్తనే ఉంది తిడుతున్నవని," నవ్వుతాడు. "మళ్ల మాటలెందుకు, దండగ."

గోడలు లేవు. మా అత్తగారి వాకిలి, పిల్లను తొట్టెలో వేసిన రోజు. మేనకోడలి కోసమని ఎవరూ అడక్కుండానే అన్న కొత్త బాక్సులు తెచ్చి పెట్టాడు, మొదటి దెబ్బకే పిల్ల ఉలిక్కిపడి, ఊపిరి బిగబట్టి, నీలం తిరిగింది. అందరి ముందూ అన్నాను, "నీది పాట కాదు, పీడ. నా బిడ్డ దగ్గరికి రాకు" అని. అన్న "ఏందీ?" అన్నాడు. నేను మళ్లీ అన్నాను, ఇంకా గట్టిగా. బాక్సులు సర్దుకుని వెళ్లిపోయాడు. నెల తర్వాత బండి మీద వస్తుంటే వెనక లారీ హారన్ కొడుతూనే ఉందట, అన్న పక్కకు జరగలేదట.

"అన్నా, నీకు ఇనవడతలేదా?"

అన్న నా చెయ్యి పట్టుకుని బాక్సు మీద ఆనిస్తాడు. అరచెయ్యి అదురుతుంది.

"నాకు గింతే వస్తది చెల్లె. సన్న సప్పుళ్లన్ని పోయినయ్. నీ ట్యూనే కొడుతున్న అనుకున్న. నీ వేళ్లు ఎందుకాగినయో తెల్వలే."

"ఎప్పటిసంది?"

ఈ ఒక్క మాట మాత్రం వింటాడు. "నీ పెండ్లికి ముందుగాలనే."

"నాకైన చెప్పకపోతివి."

"నువ్వు పెద్ద తీర్పరివి. నీకు చెప్పుకుంటనా?"

జాలి రాదు నాకు, కోపమే వస్తుంది, నా ముందు పుట్టిన పాటలను నాకు చెప్పకుండా చంపుకున్నందుకు, నన్ను అంత మాట అననిచ్చినందుకు. అయినా ఆ మాట వెనక్కి తీసుకోవాలి, ఇప్పుడే తీసుకోవాలి, కానీ ఆటో మళ్లీ కదిలింది, అన్న దాని మీద దూరమవుతున్నాడు, నేను చంకలో పిల్లతో పరుగెత్తలేక పరుగెత్తుతూ చెబుతున్నాను, అన్న చెవి చూపించి తల అడ్డంగా ఊపుతున్నాడు, నేను ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా,

భుజం పట్టి ఎవరో కుదుపుతున్నారు. అత్తమ్మ. మధ్యాహ్నం ఎండ మంచం దాకా వచ్చింది, పక్కన పిల్ల బిక్కమొహంతో నన్నే చూస్తోంది.

"ఏందమ్మా, వాడకంత ఇనవడేటట్టు ఒర్లుతున్నవ్? పిల్ల జడుసుకున్నది."

"నేనేమన్న అత్తమ్మా?"

"ఏమో. మాటలేం తెల్వలే. ఉత్త మోతే ఇనవడ్డది."