పదకొండు రాజీనామాలు

లా చదివిన కూతురు ఇంట్లో ఉంటే, కూరలో ఉప్పు తక్కువైందన్న పాపానికి సాక్ష్యం చూపించాలి. తల్లి ఆ బాధ పడుతూండగానే రెండో విచారణ మొదలైంది.

"కంపెనీ లా చెయ్యి. లేదా పన్నుల వైపు వెళ్లు. అదీ కాదంటే జడ్జి పరీక్ష రాయి," అన్నాడు తండ్రి. ఆయన బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. "మా లీగల్ సెక్షన్‌లో ఖాళీ ఉంది. మేనేజరుగారితో మాట్లాడాను."

"నేను లేబర్ కేసులు చేస్తాను నాన్నా."

"జెండాల వెనక తిరగడం కూడా ఒక స్పెషలైజేషనేనా?"

మర్నాడు తల్లి ఆయనకి క్యారియర్ పట్టుకుని వెళ్లేసరికి, ఫ్యాక్టరీ గేటు బయట పదకొండు మంది కుట్టుపని ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. మిషను మీంచి లేచి బాత్‌రూంకు వెళ్లనివ్వమని ముందురోజు అడిగారట. పొద్దున్నే గోడ మీద నోటీసు: వాళ్లంతా రాజీనామా చేశారని.

"సంతకాలు మావేనమ్మా," అంది కాజాలక్క. చొక్కాలకు కాజాలు తీసేది ఆవిడే. "చేరిన రోజు తెల్లకాగితం మీద పెట్టించుకున్నారు. పని దొరికితే చాలనుకున్నాం."

కూతురు వాళ్ల తరఫున లేబరాఫీసుకు ఫిర్యాదు రాసిపెట్టింది. వారానికి కంపెనీ జవాబు, వెంట రాజీనామాల నకళ్లు వచ్చాయి. పదకొండు మందీ కూతురింటికి వచ్చి ముందుగదిలో చాప మీద కూర్చున్నారు.

"పోయి కాళ్లు పట్టుకుందామే," అంది ఒకామె.

"పట్టుకో. తన్నడానికి వాళ్లకి సులువవుతుంది," అంది కాజాలక్క.

"ఇవి ఎవరు రాశారో తేలితే చాలు, మళ్లీ మిషన్ల ముందుంటారు. తేలకపోతే ఇంతే," అంది కూతురు.

టీ అందిస్తూ తల్లి చాప మీది నకళ్లను వంగి చూసింది. గీతకు ఆనకుండా, పైకి ఎగబాకే అక్షరాలు. పాతికేళ్లుగా సరుకుల చీటీల మీద చూస్తున్నవే. ఊరుకోవచ్చు. గ్లాసు కింద పెట్టింది.

"ఇది మా ఆయన రాత."

కూతురు ఆ నకలును తన వైపు లాక్కుంది.

సాయంత్రం ఆయన ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. "రాయకపోతే పన్నెండో కాగితం నాది. నా సంతకం కూడా వాళ్ల బీరువాలో ఉంది."

"అయితే మీరు నిలబడాల్సింది మేనేజరు పక్కన కాదుగా," అంది తల్లి.

విచారణ రోజు షిఫ్టు మొత్తం మిషన్లు ఆపి వచ్చి లేబరాఫీసు మెట్ల మీద నిలబడింది. లోపల ఆఫీసరు ముందు కంపెనీ లాయరు లేచాడు. "ఇవి వీళ్లు ఇష్టపూర్వకంగా రాసినవి సార్."

"కాగితాలివ్వండి సార్, మీ ముందే రాస్తాం. పోల్చుకోండి," అంది కాజాలక్క. పదకొండు చేతులు బల్ల మీదికి వచ్చాయి.

మేనేజరు సూపర్‌వైజరు వైపు తిరిగాడు. "చెప్పవయ్యా, నీ ముందే రాశారని. రేపు పనికి రావాలా వద్దా?"

తలుపు దగ్గర నిలబడ్డ తల్లి ఒక అడుగు లోపలికి వేసింది. ఆయన మేనేజరు పక్కనుంచి కదిలాడు. ఆఫీసరును చూడలేదు. ఆడవాళ్ల ముందుకొచ్చి ఆగాడు.

"పదకొండూ నేనే రాశాను," అన్నాడు మెట్ల దాకా వినిపించేలా. "తప్పు చేశానమ్మా."