మోకాలి లోతు

వానలు ఆగిన మొదటి వారంలో కందకాన్ని మళ్లీ తవ్వుతాం. మే నుంచి అక్టోబరు దాకా ఒకోటే అని మేం పిలిచే గుట్ట మీద నుంచి దిగే నీళ్లు మట్టినీ, పైన్ ఆకుల్నీ, ఎండిన కొమ్మల్నీ మోసుకొచ్చి అందులో పోస్తాయి. నవంబరులో నేనూ, నాతో పనిచేసే పాత గెరిల్లా కాతలీనో పారలు పట్టుకుని ఎక్కుతాం. యుద్ధభూమిని కాపాడటం అంటే పట్నం నుంచి వచ్చేవాళ్లు ఏదో పెద్ద పని అనుకుంటారు. ఏడాదికోసారి మట్టి తీయడమే. తీయకపోతే పదేళ్లలో అక్కడ గడ్డి తప్ప ఏమీ మిగలదు.

ఎంత లోతు తీయాలో నేనే చెబుతాను. మోచేతి నుంచి వేలి కొస దాకా. ఒక మూర. మనిషి దిగితే మోకాలి దాకా వస్తుంది. దానికి మించి ఒక్క తట్ట మట్టి కూడా తీయనివ్వను.

ఎనభైమూడు డిసెంబరులో ప్రభుత్వ సైన్యం మా లోయలోకి వచ్చినప్పుడు మావాళ్లు, గెరిల్లాలు, ఈ గుట్ట మీద మూడు రోజులు దాన్ని ఆపారు. ఆ మూడు రోజుల్లో కింద ఊళ్ల జనమంతా సరిహద్దు నది దాటి పక్క దేశం హోండురాస్‌కి వెళ్లిపోయారు. నేనూ అమ్మా ఆ జనంలో ఉన్నాం. నాకు పదహారు. మా అన్న ఇలారియో గుట్ట మీద ఉన్నాడు. వాడికి పంతొమ్మిది. లాయో అనేవాళ్లం. మూడో రోజు పొద్దున ఆ కందకంలో ఒక్కడే చచ్చిపోయాడు.

రెండు వారాల తర్వాత శరణార్థి శిబిరానికి అర్నుల్ఫో వచ్చాడు. గుట్టకి కమాండరు అతనే. టోపీ తీసి అమ్మ ముందు నిలబడి అన్నాడు: "వెనక్కి వచ్చెయ్యమని కబురు పంపానమ్మా. వాడు వినలేదు."

అమ్మ ఆ తర్వాత పదకొండేళ్లు బతికింది. మొక్కజొన్న రుబ్బుతూ, గిన్నెలు తోముతూ, తనలో తనే అనుకునేది: "మాట వినని బిడ్డ." ఆవిడ వాణ్ణి ఏడుస్తూ తలుచుకుని ఉంటే నేను మరోలా తయారయ్యేదాన్నేమో. ఆవిడ వాడి మీద కోపంతోనే పోయింది.

తొంభైలో మేం తిరిగొచ్చాక మొదటిసారి గుట్ట ఎక్కాను. ముళ్లపొదలు నరికి, కందకం పోల్చుకుని, గట్టి నేల తగిలేదాకా తవ్వాను. మోకాలి లోతు. అందులో కూర్చుని చాలాసేపు నా మోకాళ్లనే చూసుకున్నాను. మా నాన్న బావులు తవ్వేవాడు. లాయో పదేళ్లప్పటినుంచీ నాన్న వెంట బావుల్లో దిగినవాడు. ఒక్క రాత్రి టైమిస్తే మనిషి లోతు తవ్వుతాడు. అలాంటివాడు మోకాలి లోతు తవ్వాడంటే వాడికి టైమే ఇవ్వలేదు. కబురూ లేదు, కాకరకాయా లేదు. మిగతావాళ్లు పారిపోవడానికి తెల్లారుజామున వాణ్ణి అక్కడికి తోశారు.

ఆ రోజు నుంచీ నా ద్వేషానికి ఒక కొలత దొరికింది.

అర్నుల్ఫో ఈ ముప్ఫై ఏళ్లలో మేయరయ్యాడు, తర్వాత మా సహకార సంఘానికి అధ్యక్షుడయ్యాడు. గుట్ట కింద బోర్డు మీద రాతలు అతనివే: "కామ్రేడ్ ఇలారియో వెనక్కి రమ్మన్న ఆజ్ఞను పాటించక, అక్కడే నిలిచి అమరుడయ్యాడు." నేను అదే సంఘంలో గైడుని. బోర్డు ముందు నిలబడి, దాన్ని చదవకుండా, జనాన్ని పైకి తీసుకెళతాను. కందకం దగ్గర ప్రతి గుంపులోంచీ ఒకర్ని దిగి పడుకోమంటాను.

"తల దించండి. ఏం కనిపిస్తోంది?"

"ఆకాశం."

"పైనున్న మీకు ఏం కనిపిస్తోంది?"

"ఆయన నడుం. భుజాలు."

ఇంకేమీ చెప్పను. కిందికి దిగేటప్పుడు వాళ్లే బోర్డు ముందు ఆగి, ఇంకోసారి చదివి, మొహాలు చూసుకుంటారు. అది చూడటం కోసమే నేను బతికానని ఒక్కోసారి అనిపించేది. అర్నుల్ఫో మాత్రం ఎప్పుడూ కందకం దగ్గరకి రాలేదు. ప్రతి ఏడాదీ సంస్మరణ రోజున కందకానికి దూరంగా ఉన్న పెద్ద పైన్ చెట్టు దగ్గరే నిలబడి మాట్లాడి, అక్కణ్ణుంచే దిగిపోయేవాడు. సిగ్గు అనుకున్నాను. ఆ సిగ్గు నాకు తిండిలా ఉండేది.

ఈ ఏడాది గుట్టని రక్షిత స్థలంగా ప్రకటించారు. డిసెంబరు రెండున, సంస్మరణ రోజునే, రాజధాని నుంచి ఇంజనీరు వచ్చి కందకం కొలతలు రాసుకుంటుందని, ఆ కొలతకే చుట్టూ రాయి కట్టేస్తారని ఉత్తరం వచ్చింది. ఇక ఏటా తవ్వక్కర్లేదు. నా మోకాలి లోతుని ఇక ఎవరూ మార్చలేరు.

నవంబరు ముప్ఫైన నేనూ కాతలీనో ఆఖరి మూల శుభ్రం చేస్తున్నాం. అతనికి తుంటిలో ఇంకా బాంబు ముక్క ఉంది, కుంటుతాడు.

"ఆ ఇంజనీరమ్మని నా తుంటి కూడా కొలవమను," అన్నాడు. "ఇందులోదీ ఆ కాలపు ఇనుమే. దీనికీ ఓ బోర్డు పెట్టొచ్చు."

"పెడితే ఏం రాయాలి?"

"'ముట్టుకోరాదు' అని. మా ఆవిడ ఇప్పటికే ముట్టుకోవట్లేదులే."

వానలకి ఒక పైన్ చెట్టు ఒరిగి, దాని వేరు కందకంలోకి చొచ్చుకొచ్చింది. మూలలోని ఆ వేరుమొద్దుని ఇద్దరం పట్టి లాగేసరికి నేల కుంగింది. కాతలీనో గునపం దించాడు. అది పిడికిలి దాకా దిగిపోయింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆ అడుగున ఉన్నది గట్టి నేల కాదు, ఏడు వానాకాలాలు తెచ్చిపోసి, నేను ముప్ఫై ఏళ్లు తొక్కి తొక్కి గట్టిపరిచిన ఒండ్రు. నల్లగా, తేలిగ్గా వచ్చేస్తోంది. మధ్యాహ్నానికి ఆ మూలలో నేను దిగి నిలబడితే తల మునిగింది. అప్పుడు తగిలింది అసలు నేల, ఎర్రగా, రాయిలా.

గుట్ట వెనక పారే వాగు వైపు గోడలో గూళ్లు ఉన్నాయి. ఐదు. కాలు పెట్టి ఎక్కడానికి బావుల్లో నాన్న చెక్కే గూళ్లలాంటివే, లోపలికి వాలుగా, పాదం జారకుండా. నాన్న కుడి కాలితో మొదలుపెట్టేవాడు. ఇవి ఎడమతో మొదలయ్యాయి. లాయోది ఎడమచేతి వాటం.

"ఇదీ మీ అన్న పని," అన్నాడు కాతలీనో. "మూడు రోజులు ఎలా నిలిచారా అనుకునేవాణ్ణి. చూడు పిల్లా, ఎంత తీరుగా చెక్కాడో."

నేను మొదటి గూట్లో కాలు పెట్టాను. సరిపోయింది. వెంటనే తీసేశాను.

టైముంది. బయటికి దారి కూడా ఉంది. అంటే వాడు రాగలిగీ రాలేదు. అంటే అర్నుల్ఫో అమ్మతో చెప్పింది నిజం. నాకు దుఃఖం రాలేదు. నా వస్తువేదో ఎవరో లాక్కున్నట్టు వొళ్లు మండింది.

"పూడ్చెయ్," అన్నాను.

"ఏంటీ?"

"చెవుడా? ఇంజనీరు వచ్చేది ఎల్లుండే."

"నీకేమైనా మతిపోయిందా? ముప్ఫై ఏళ్ల నుంచీ మీ అన్నని మోకాలి దాకే తవ్వుతున్నాం. ఇవాళ దొరికాడు!"

"ఆ ముసలి నక్క మైకు పట్టుకుని 'నేను చెప్పలేదా' అంటాడు. నేను పక్కన నిలబడి చప్పట్లు కొట్టాలా?"

"అంటే అననీ. ఇది లాయో చేతి పని కదే."

పార అందుకున్నాను. అతను గట్టు మీద కూర్చుని ఒక సిగరెట్టు పూర్తిగా కాల్చాడు. తర్వాత కుంటుకుంటూ లేచొచ్చి మట్టి తోయడం మొదలుపెట్టాడు.

"నేను తవ్వమంటే తవ్వేవాణ్ణి, పూడ్చమంటే పూడ్చేవాణ్ణి," అన్నాడు నా వైపు చూడకుండా. "నన్నేమీ అడక్కు, అంతే."

గూళ్లలోకి మట్టి పారతో వెళ్లలేదు. చేత్తో కూరాను, ఒక్కొక్కదానికీ, పిల్లాడికి ముద్ద పెట్టినట్టు. పైన తొక్కి, నీళ్లు చల్లి, పైన్ ఆకులు పరిచాను.

రెండో తారీఖున జనం బాగా వచ్చారు. బడిపిల్లలు బ్యాండుతో వచ్చారు. ఆడవాళ్లు కుండల్లో కాఫీ, ఆకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్న తమాలెలు తెచ్చారు. ఇంజనీరు సన్నగా ఉన్న అమ్మాయి, కొలత టేపు మెడలో వేసుకుని తిరుగుతోంది. అర్నుల్ఫో తెల్లచొక్కా వేసుకుని, చేతికర్రతో, చక్కెర జబ్బుకి వాచిన కాళ్లతో నెమ్మదిగా ఎక్కాడు. పైన్ చెట్టు దగ్గర ఉపన్యాసం చెప్పాడు. ముగించి టోపీ పెట్టుకోబోతుంటే నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

"దోన్ అర్నుల్ఫో, ఈసారి పడుకోవాల్సింది మీరే."

"నా మోకాళ్లు చూశావుగా, ఎర్లిందా."

"లోతు కూడా అంతేలెండి. మోకాలి దాకే."

జనం చప్పట్లు కొట్టారు. వెనక నుంచి ఎవరో అరిచారు: "పడుకోబెట్టండి! లేపడానికి నా ఎద్దుల్ని తెస్తా!"

అందరూ నవ్వుతుంటే కాదనలేక వచ్చాడు. కందకం అంచున ఆగి లోపలికి చూశాడు. అతని మొహంలో నేను ఎదురుచూసిన సిగ్గు కనిపించలేదు. దారి తప్పినవాడిలా చూశాడు. తర్వాత కర్ర నాకిచ్చి, ఇద్దరి భుజాలు పట్టుకుని దిగి, వెల్లకిలా పడుకున్నాడు.

"పిల్లలూ, మీకు ఏం కనిపిస్తోంది?"

"పొట్ట!"

గుట్టంతా నవ్వింది. ముప్ఫై ఏళ్లు ఆ నవ్వు కోసం ఆగాను. నా నోట్లో నీళ్లూరాయి, ఆకలి వేసినట్టు. నవ్వు తగ్గేదాకా ఆగి, గైడు గొంతుతో అందరికీ వినపడేలా అన్నాను: "మా అన్నకి ఇంత తవ్వే టైమే ఇచ్చారు."

నవ్వు ఆగిపోయింది. అందరూ కిందికి, అతని వైపు చూశారు.

అతను ఎవర్నీ చూడటం లేదు. అతని ఎడమచెయ్యి వాగు వైపు గోడ మీద పాకుతోంది. ఒక జాన పైకి, ఒక జాన కిందికి. వేళ్లు మట్టిని గీకుతున్నాయి. దేనికోసం వెతుకుతున్నాడో ఆ గుట్ట మీద నాకూ కాతలీనోకీ తప్ప ఎవరికీ తెలియదు. నేను లేపబోతున్నట్టు వంగాను.

"ఇక్కడ మెట్లుండాలి," అన్నాడు నాకు మాత్రమే వినపడేలా.

నేను అతని భుజం కింద చెయ్యి వేశాను.

"లాయో చెక్కాడు. ఐదు. ఎడమకాలితో మొదలు. నేను వాటి మీదే ఎక్కి పోయాను, ఎర్లిందా. కబురూ లేదు, ఏమీ లేదు. నేనిక్కడే ఉన్నాను, వాడితో. చివర నేను అంచు మీదికి ఎగబాకలేకపోతే వాడు రెండు చేతులూ కలిపి నా పాదం కింద పెట్టాడు. వెనకే వస్తాడనుకున్నా. వెనక్కి తిరిగి చూడలేదు." నా మణికట్టు పట్టుకున్నాడు. "ఏటా తవ్వేది నువ్వే కదా. మెట్లు చూసే ఉంటావు. చూశావు కదూ?"

వాడు మాట విననివాడు కాదు. వినడానికి అసలు మాటే లేదు. అమ్మ పదకొండేళ్లు లేని నేరానికి వాణ్ణి తిట్టింది. దానికి సాక్ష్యం ఇతని వీపు కింద ఉంది. రెండు రోజుల కింద నా చేతులతో నేనే కూరాను. గంట తవ్వితే బయటపడుతుంది.

ఆ మొహం నేను ఎరగనిది కాదు. ఒకప్పుడు అవతలి సైన్యంలో ఉన్నవాళ్లు ముసలితనంలో కొడుకుల్ని వెంటబెట్టుకుని ఇక్కడికి వస్తుంటారు. ఏదో చెప్పబోయి ఆగి, మన కళ్లలోకి చూస్తారు. మనం ఊరికే తల ఊపితే చాలు, బరువు దించుకున్నట్టు గుట్ట దిగిపోతారు. నేను చాలామందికి తల ఊపాను. ఇతనికీ అదే కావాలి. తెలిసినవాళ్లు ఇంకొకరు ఉన్నారనే మాట. అది విన్నాక అతను తిట్లు తింటాడు, ఏడుస్తాడు, ఇంటికెళ్లి నిద్రపోతాడు.

"ఏ మెట్లు?" అన్నాను.

అతని వేళ్లు నా మణికట్టు మీద వదులయ్యాయి.

అటువైపు నుంచి ఇంజనీరమ్మాయి టేపు సాగదీసి చూసుకుంది. "నలభైమూడు సెంటీమీటర్లు. ఇదే ఖాయం చెయ్యమంటారా, ఎర్లిందా గారూ?"

కాతలీనో నన్ను చూసి, తన బూట్ల వైపు తల వంచుకున్నాడు.

"రాసుకో అమ్మా," అన్నాను.

ఫిబ్రవరికి రాయి కట్టేశారు. సిమెంటు ఆరేదాకా పైన తాటిపత్రి కప్పారు. కింద బోర్డు అలాగే ఉంది, ఆ వాక్యంతోనే. వానలయ్యాక నవంబరులో అలవాటుగా పార తీసుకుని ఎక్కాను. చీపురుతో ఊడ్చేస్తే పని అయిపోయింది. పార ఊరికే మోసుకుంటూ దిగాను. కాతలీనో ఆ నెలలో పనికి రాలేదు. తుంటి నొప్పి అని కబురు పంపాడు.

అర్నుల్ఫో మాత్రం అప్పుడప్పుడూ ఒక్కడే వస్తాడట, జనం లేని రోజుల్లో. టికెట్ల దగ్గర కూర్చునే ఆవిడ చెప్పింది. రాళ్ల మీద చెయ్యి పెట్టి తడుముతుంటాడట. ఒకసారి నాకు ఎదురొచ్చాడు.

"ఒక్కసారి నిజం చెప్పు," అన్నాడు.

"ఏం నిజం, దోన్ అర్నుల్ఫో?" అని దారి ఇచ్చాను.

మళ్లీ డిసెంబరు రెండు వచ్చింది. బడిపిల్లలు, బ్యాండు, కాఫీ. నేను కందకం దగ్గర నిలబడి, ఎవరు పడుకుంటారని అడిగాను. పిల్లలు "నేను, నేను" అని చేతులెత్తారు. అప్పటికే అతను టోపీ తీసి పక్కవాడి చేతిలో పెట్టాడు. ఎవరి భుజమూ పట్టుకోకుండా దిగాడు. పడుకుని, ఎడమచెయ్యి గోడ మీద పెట్టాడు, నేను గూళ్లు పూడ్చిన చోటుకి జానెడు ఇవతల.

"ఇంకాస్త ఎడమకి జరగండి, దోన్ అర్నుల్ఫో," అన్నాను. "ఇంకొంచెం. అదీ, అక్కడే."