పసుపంటిన కార్డు

మా తమ్ముడు రాంచంద్ర పట్నంలో బి.ఏ. చదివాడు. ఫారసీ, ఇంగ్లీషు తీసుకున్నాడు. సెలవులకు ఇబ్రహీంపట్నం వస్తే రెండింటిలోనూ మాట్లాడేవాడు. మా ఎద్దులు ఓపికగా వినేవి.

తెలుగు మాత్రం చదవడం రాదు. నిజాం కచేరీల్లో ఉర్దూకే కుర్చీ వేసే రోజులవి. ఏడో ఏట వాణ్ణి పట్నంలో చిన్నాయన ఇంట్లో దించి ఉర్దూ బడిలో వేసింది నేనే. "తెలుగు నౌకరీ ఇస్తదా?" అని అమ్మతో వాదించిందీ నేనే. బడిపంతులైన కొడుకు మాట కదా, ఆమె ఊరుకుంది.

వాడి బి.ఏ. ఆఖరి ఏడు వేసవిలో అమ్మ చేతికి కొడవలి తెగింది. పసుపు పెట్టి కట్టాం. జ్వరం వచ్చింది, తగ్గలేదు. "చిన్నోనికి కార్డు రాయి" అంది. ఎప్పటిలా ఉర్దూలో మొదలుపెట్టాను.

"గది వద్దు. నేను చెప్పింది చెప్పినట్టే తెలుగుల రాయి."

రాశాను. వాడిప్పుడుంటున్న కాలేజీ హాస్టల్లో చదివిపెట్టేవాడు దొరక్కపోడనుకున్నాను. అమ్మ కార్డు తీసుకొని నిమిరింది. మూలలకు పసుపంటింది.

తొమ్మిది రోజులు గుమ్మం వైపు చూసింది. పదో రోజు చూడలేదు. కార్డుకు రానివాడికి చావు కబురు పంపబుద్ధి కాలేదు నాకు.

కర్మ ముగిసిన మర్నాడు రాంచంద్ర బస్సు దిగి వచ్చాడు. చంకలో జరీ అంచు చీర, చేతిలో మిఠాయి.

"పరీచ్ఛలుండె వదినా. పెండ్లి అయిపోయిందా? ఎవలది?"

"ఎవల పెండ్లయ్యా?" అంది నా భార్య కమలమ్మ. "అత్తమ్మ పోయి పన్నెండు దినాలాయె."

వాడు నా గుండు వైపు చూశాడు. మిఠాయి కింద పెట్టాడు.

"పసుపు జూసి పెండ్లి కార్డనుకున్న" అన్నాడు.

"ఎవలతోనన్న చదివిపిచ్చుకోకపోతివా?" అన్నాను.

"బి.ఏ. చదివెటోడు ఇంటి కార్డు ఇంకొకనికి చూపిస్తడా అన్నా? నామోషి కాదా?"

"అవ్. మస్తు నామోషి."

ఫారసీ పుస్తకంలోంచి కార్డు తీసి చాచాడు. "జర చదువన్నా."

చదవలేదు. బడి పలక తెచ్చి ముందు పెట్టాను. "అమ్మ నీకు రాయించింది. నువ్వే చదువుకో."

"ఎన్ని దినాలు పడుతది?"

"అమ్మ తొమ్మిది దినాలు చూసింది. నువ్వు గూడ ఆగు."

వాడు బలపం అందుకున్నాడు. మొదటి అక్షరం నేనే చెయ్యి పట్టి దిద్దించాను. పదిహేనేళ్ల కింద చేయవలసిన పని.