భార్యల సోఫా

బిస్కట్ రొట్టెల్ని అడ్డంగా చీరి, మధ్యలో హ్యామ్ ముక్క పెట్టి, ఒక్కొక్కటీ కాగితంలో చుడుతుంటే మా ఆయన హార్లన్ వెనక నుంచి వచ్చి, "ఇవాళ నీకు సెలవు నెల్డా. ఊరికే కూర్చుని చూడు చాలు" అన్నాడు. అప్పటికి నేను లేచి చాలాసేపయింది. అతని చొక్కాలు ఇస్త్రీ చేశాను. రికార్డింగు స్టూడియోలో చొక్కా ఎవరు చూస్తారో నాకు తెలీదు గానీ, నలిగిన చొక్కా వేసుకుంటే గొంతు కూడా నలుగుతుందని హార్లన్ నమ్మకం. ఆ గొంతు కోసం తేనె, నిమ్మరసం కలిపిన వేడినీళ్ళు ఫ్లాస్కులో పోశాను. పాప టెస్‌ని మా అత్తగారింట్లో దించడానికి సంచీ సర్దాను. పళ్ళ డాక్టరు దగ్గర నా ఉద్యోగానికి సెలవు పెట్టాను. ఇంత చేసుకుంటే దొరికిన సెలవు అది. అయినా థాంక్స్ చెప్పాను. ఆ మాట నాకు తుమ్ములాగా వచ్చేస్తుంది, ఆపుకోలేను.

మా అత్తగారిని ఊరంతా మిస్ ఓపల్ అంటుంది, నేనూ అంతే. టెస్‌ని గుమ్మంలో అందుకుంటూ, వాడికి అడ్డం రాకు, మగాళ్ళు పనిలో ఉన్నప్పుడు పెళ్ళాం మొహం కనబడితే ధ్యాస చెదురుతుంది అని హెచ్చరించి మరీ పంపింది. వ్యాను నేనే నడిపాను. హార్లన్ గొంతు దాచుకోవాలి కనక దారంతా మాట్లాడలేదు. నిజానికి మామూలు రోజుల్లోనూ వ్యానులో అతను పెద్దగా మాట్లాడడు. కాకపోతే ఇవాళ దానికో కారణం ఉంది. పాటల కంపెనీ పెద్దమనిషి ఒకతను ఒక్క పాట వింటానన్నాడు. ఆ ఒక్క పాట కోసం నాష్‌విల్‌లో స్టూడియో ఒక రోజుకి తీసుకున్నారు. పాట బాగా వస్తే హార్లన్ ఈ చుట్టుపక్కల సంతల్లో, బార్లలో పాడే బతుకు నుంచి బయటపడతాడు.

ఆ పాట మేమిద్దరం పాడుకున్నది. పెళ్ళికి ముందు, చర్చిలోనూ జిల్లా సంతలోనూ ఒకే మైకు ముందు నిలబడి పాడేవాళ్ళం. కంకరరోడ్డు మీద కారు చప్పుడు వినిపించినప్పుడల్లా కిటికీ దగ్గరికి వెళ్ళే మనిషి కథ. మొదటి చరణం అతనిది, రెండోది నాది. టెస్ పుట్టాక మిస్ ఓపల్, "ఇద్దరూ ఊళ్ళు పట్టుకుని పాడుకుంటూ పోతే పిల్లకి పాలెవరు పడతారు?" అంది. పిల్ల పాలు మానింది, బడికి పోతోంది, ఆ ప్రశ్న మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. తర్వాత హార్లన్ కూడా ఒక మాట అన్నాడు. పెళ్ళాన్ని పక్కన పెట్టుకుని విరహం పాడితే ఆడవాళ్ళు నమ్మరట. అప్పటినుంచి రెండు చరణాలూ అతనే పాడుతున్నాడు. నాది నేను అంట్ల సింకు దగ్గర పాడుకుంటున్నాను.

స్టూడియోలో వాద్యాల హాలుకీ రికార్డు చేసే గదికీ మధ్య ఉన్న అద్దానికి ఇవతల, శబ్దాలు సరిచేసే మీటల బల్ల వెనకాల, గోధుమరంగు తోలు సోఫా ఒకటుంది. దాన్ని భార్యల సోఫా అంటారు. రికార్డింగు చేసే వెస్ నన్ను చూడగానే, "అదిగో నీ సింహాసనం" అని చేయి చూపించాడు. ఎంతమంది కూర్చుని లేచారో, మధ్యలో గుంట పడింది. నేను కూర్చుంటే ఇంకాస్త దిగిపోయింది. అద్దం అవతల హాల్లో వాద్యాలవాళ్ళు తంతులు సరిచేసుకుంటున్నారు. అందరి ముందూ పాట కాగితాలున్నాయి. ఇక్కడ స్వరాలు రాయరు, అంకెలు వేస్తారు. ఏ శ్రుతిలో పాడినా అవే అంకెలు పనికొస్తాయి, గాయకుడి గొంతు ఎక్కడుంటే అక్కడికి జరుపుకుంటారు. గాయకుడి కోసం ఇంతమంది జరుగుతారా అని ఆశ్చర్యపోయాను. తర్వాత మా ఇల్లు గుర్తొచ్చి ఆశ్చర్యం తగ్గింది.

చల్లటి తీపి టీ గ్లాసుల్లో పోసి హాల్లోకి తీసుకెళ్ళాను. వాళ్ళు ఏదో వాయించి చూసుకుంటున్నారు. అందరి చెవులకీ హెడ్‌ఫోన్లున్నాయి. వాళ్ళకి మొత్తం పాట వినబడుతోంది. హెడ్‌ఫోన్లు లేని నాకు డ్రమ్ము మీద పుల్ల దెబ్బ, పక్కనున్న ఫిడేలు సన్నటి ఏడుపు, అంతే. గిటారు కరెంటు తీగల్లో ఎక్కడికో పోతోంది. వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. దేనికి నవ్వారో నాకు తెలీదు. టీ ట్రే పట్టుకుని ఆ గది మధ్యలో నిలబడితే, నా కాపురం మొత్తం ఇలాగే గడిచిందని అనిపించింది. ఏడుపొచ్చింది. ఖాళీ గ్లాసులు తీసుకుని వచ్చేశాను.

అసలు పాట మధ్యాహ్నం పాడతానన్నాడు హార్లన్, అప్పటికి గొంతు తెరుచుకుంటుందని. ముందు వాద్యాలు రికార్డు చెయ్యాలి. కానీ వాద్యాలవాళ్ళకి దారి చూపించడానికి ఎవరో ఒకరు పాడాలి. దాన్ని స్క్రాచ్ అంటారు. పని అయ్యాక చెరిపేస్తారు. వెస్ ఎవరిని పిలుద్దామని అడిగితే హార్లన్ నా వైపు తిరిగాడు.

"నెల్డాకి పాటంతా వచ్చు. నువ్వే పాడెయ్ బంగారం. ఎలాగూ చెరిపేసేదే కదా."

గాయకుడి గదిలో హార్లన్ కోసం మంచి మైకు అమర్చి పెట్టారు. దాన్ని కదపడం ఇష్టం లేక నాకో చిన్న మైకు హాల్లోనే పెట్టారు, ఫిడేలు వాయించే లమార్ పక్కన. చెరిపేసే గొంతుకి తలుపెందుకు? లమార్ పెద్దాయన, తన హెడ్‌ఫోన్ల జత నా చెవులకి పెట్టి తను ఇంకో జత తెచ్చుకున్నాడు. అప్పుడు వినబడింది పాట. అంతా ఒకేసారి, నా తల లోపల. హార్లన్ ఫోను మాట్లాడుకుంటూ వంటగదిలోకి వెళ్ళాడు. నేను మొదటి చరణం అతని లాగే పాడాను. రెండోదానికి వచ్చేసరికి అతన్ని మర్చిపోయాను. ఆఖరి మాట నేనెప్పుడూ కాస్త ఆలస్యంగా అంటాను, సింకులో నీళ్ళు కట్టేశాక. ఇవాళ కూడా ఆగాను. గదంతా ఆగింది. డ్రమ్ము మీద పుల్ల గాల్లో నిలబడింది. లమార్ నా పెదాల వైపు చూస్తూ కమాను పైకెత్తి పట్టుకున్నాడు. నేను అన్నాకే అందరూ దిగారు. ఇంతమంది మగాళ్ళు నా ఊపిరి కోసం ఎదురుచూడటం అదే మొదలు. ఆ సంతోషంలో హెడ్‌ఫోన్లు తియ్యబుద్ధి కాలేదు.

పాట అయ్యాక, ఇంతకన్నా బాగా రాదని వెస్ స్పీకర్లోంచి మగవాళ్ళందరినీ మెచ్చుకున్నాడు. హార్లన్ తలుపు తీసి, "అయిందా?" అన్నాడు. అతని చేతిలో నేను చుట్టిన బిస్కట్ కాగితం ఉంది.

మధ్యాహ్నం భోజనాలు సర్దాను. చీజ్ పూసిన బ్రెడ్డు, ఊరగాయ దోసకాయ ముక్కలు. తర్వాత సోఫాలో కూర్చున్నాను. హార్లన్ తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుని పాడాడు. బాగానే పాడాడు. వినడానికి వెస్ నా గొంతు మీట కిందికి లాగి, పాట మళ్ళీ వేశాడు. ఆఖరి మాట హార్లన్ ముందు అనేశాడు. ఒక్క క్షణం తర్వాత, అతని వెనకాల ఎక్కడో దూరంగా, అదే మాట ఒక ఆడగొంతు అంది.

వెస్ తల పట్టుకున్నాడు. ఎంత వెతికినా నేను నా మీటలో లేను. ఫిడేలు మైకులో ఉన్నాను. పక్కనే నిలబడి పాడాను కదా, లమార్ తంతుల మధ్యలోంచి దూరిపోయాను. నన్ను తియ్యాలంటే ఫిడేలు తియ్యాలి. స్క్రాచ్ పాడేవాళ్ళని తలుపు లేకుండా నిలబెట్టడం కొత్తవాళ్ళు చేసే తప్పని వెస్ తనని తానే తిట్టుకున్నాడు. పోనీ ఇద్దరి పాటగానే చేద్దామా, బాగుంటుంది కదా అని కూడా అన్నాడు. కంపెనీవాళ్ళు వింటామన్నది ఒక్క మనిషినేనని హార్లన్ గుర్తుచేశాడు. ఆ తర్వాత నవ్వేసి, "ఉండనీలే. గాలి అనుకుంటారు. ఎవరు పోల్చుకుంటారు?" అన్నాడు.

లమార్ హాల్లోంచి వచ్చి అందరినీ దాటుకుని నా ముందు నిలబడ్డాడు. "నిన్ను అడుగుతున్నానమ్మాయ్. నేను మళ్ళీ వాయిస్తే నువ్వు పోతావు. వాయించకపోతే ఉంటావు. ఏం చెయ్యమంటావు?"

నన్ను ఎవరైనా అలా అడిగి ఎన్నాళ్ళయిందో గుర్తులేదు. ఉండాలనే ఉంది. రేపు రేడియోలో వస్తే టెస్‌కి చెప్పుకోవచ్చు, వెనకాల గాలిలా వినిపిస్తుందే, అది మీ అమ్మేనని. అది అనుకోగానే నా కూతురు చెవి రేడియోకి ఆనించి, కళ్ళు మూసుకుని, నన్ను వెతుక్కోవడం కనిపించింది.

"తీసెయ్యండి" అన్నాను.

సంచీ తీసుకుని బయటికొచ్చి వ్యానులో కూర్చున్నాను. స్టూడియో గోడలు మందం, లోపల ఏం జరుగుతోందో చీమ చిటుక్కుమన్నంత కూడా వినబడదు. వీధిలో ఎవరో గిటారు పెట్టె మోసుకుంటూ పోతున్నారు. అద్దాలు పైకెత్తి రెండో చరణం పాడుకున్నాను. చెరిపేవాళ్ళు లేరు, వినేవాళ్ళూ లేరు. అయినా ఆఖరి మాట దగ్గర ఆగాను. నాతో పాటు ఎవరూ ఆగలేదు. అంత ఒంటరితనం నాకు ఇంతకుముందు తెలీదు, ఎందుకంటే ఇంతకుముందు నాకు పోల్చుకోవడానికి ఏదీ లేదు.

ఎండ వాలాక హార్లన్ వచ్చి అద్దం మీద తట్టాడు. ఇస్త్రీ చొక్కా చంకల్లో తడిసిపోయి ఉంది. అద్దం దించాను.

"నీ గొంతు చెరిపేశాం, ఇప్పుడు లమార్‌కి ఆ చివర దొరకట్లేదు. అందరూ మళ్ళీ మొదటినుంచి నా పాటకి వాయించినా కుదరట్లేదు. ఇంకో గంటలో ఖాళీ చెయ్యాలి. ఒక్కసారి వచ్చి పాడెయ్ నెల్డా. ఈసారి అతనికి దూరంగా నిలబెడతాం. ఎలాగూ..." అని ఆగిపోయాడు.

నేను అతని మొహంలోకి చూశాను. జాలేసింది. అతని పాట పోతుందేమోనని భయం ఆ కళ్ళల్లో ఉంది. ఆ భయం నాకు బాగా తెలుసు.

"పాడతాను. ఆ తలుపున్న గదిలో, మంచి మైకు ముందు. చెరపడానికి కాదు" అన్నాను.

"మరి నేనెక్కడుండాలి?" అన్నాడు.

"సోఫా ఖాళీగానే ఉంది" అన్నాను.