మూడో వజ్రం

ల్యాబు గోడలు చూస్తుండగానే గోదావరి మీది పొద్దుటి మంచులా పలచబడిపోతున్నాయి. ఆ మంచులో, గుండ్రటి పెద్ద అద్దం ముందు, హైమవతి వంగి నిలబడి బ్లేడు అంచును వెంట్రుకవాసి జరుపుతోంది. ఆమె పోయి పదకొండేళ్లయిందని సుభాషిణికి తెలుసు, తెలిసినా అదేమంత అడగవలసిన సంగతిగా తోచడం లేదు.

"లైటార్పవే, గాలి కనపడాలి," అంటుంది హైమవతి, ఇద్దరూ కలిసి పీహెచ్‌డీ చేసిన రోజుల్లో అన్నట్టే.

సుభాషిణి ఆర్పుతుంది. ధ్వనికన్నా వేగంగా నాజిల్ సన్నమూతి లోంచి దూసుకొచ్చే గాలి, మామూలుగా కంటికి ఆననిది, అద్దం మీంచి మళ్లి బ్లేడు అంచున సగం తెగిన వెలుగులో నీడలుగా తేలి, తెర మీద వజ్రాలు గుచ్చిన దండలా వణుకుతుంది. చెవులు చిల్లులు పడేలా కీచుమనాలి, కాని ఏ చప్పుడూ లేదు, గది ఎప్పుడో పడవైపోయింది, కాళ్ల కింద నీళ్లు కదులుతున్నాయి.

"ఆ కీచు మూడో వజ్రం దగ్గర పుడుతోందని, వెనక్కి నాజిల్ దాకా పోయి గాలిని మళ్లీ ఊపుతోందని ముందు చూసింది నువ్వే," అంటుంది సుభాషిణి. "నువ్వు ఆస్పత్రిలో ఉండగా మన గైడు సారుకి నేనే కనిపెట్టానని చెప్పాను. పేపర్లో నీ పేరు లేదు. నువ్విక తిరిగిరావనుకున్నానే."

హైమవతి తల తిప్పి చూస్తుంది. కోపం లేదు. ఉన్నా బాగుండును.

"ఏ వజ్రం?"

"మూడోది! అదిగో, చూడు."

"నాకేం గుర్తులేదండీ," హైమవతి మర్యాదకి నవ్వుతుంది. "మా అమ్మ కేరేజీలో తెచ్చే చారు వాసన గుర్తుంది. అంతే. మీరెవరు?"

"సుభాషిణినే! ఒక్కసారి తిట్టవే, నీ కాళ్లు పట్టుకుంటాను," అని వంగితే చేతికి నీళ్లే తగులుతాయి, చల్లగా, ఎవరివీ కానట్టు.

మధ్యాహ్నం రెండున్నరకి, డిపార్ట్‌మెంటులో తన గదిలో టేబుల్ మీద తలవాల్చి నిద్రపోయిన సుభాషిణికి మెలకువ వచ్చింది. ఎదుట కంప్యూటర్లో ఒక మెయిలు. తన దగ్గర రీసెర్చి చేస్తున్న రిజ్వానా పంపింది. ఆరు నెలలు ఆ పిల్ల ఒక్కతే కష్టపడి తీసిన గాలి నీడల ఫొటోల మీద రాసిన పేపరది.

"మేడమ్, మీరు చెప్పినట్టే మీ పేరు నా పేరుకన్నా ముందు పెట్టాను. జర్నల్‌కి పంపించేయమంటారా?"

సుభాషిణి లేచి మొహం కడుక్కుని వచ్చింది. మళ్లీ చదివింది.

తర్వాత, "సరే, పంపించు," అని టైపు చేసింది.