చేతులు కత్తిరించిన జాకెట్టు

వీరదుర్గ మోచేతుల నుంచి భుజాల దాకా ఇస్త్రీపెట్టె వాతలు. కొన్ని మానినవి, కొన్ని పచ్చివి. మెట్ల మీంచి జారిపడి చచ్చిపోయిందని కాగితం మీద రాశారు తల్లీ. మెట్లు వాతలు పెడతాయా?

మన గోదావరి పిల్ల ఎవరైనా ఇక్కడ షార్జాలో పోతే, పెట్టెలో పెట్టేముందు మన ఆడవాళ్లమే వెళ్లి కొత్త బట్టలు కడతాం. ఆ బట్టలు మాత్రం ఏజెంటు వేణుగోపాలరావు తెస్తాడు. ఎప్పుడు చూసినా మణికట్టు దాకా చేతులున్న జాకెట్టే. వీరదుర్గ పనిచేసిన ఇంట్లోనే అంతకుముందు పనిచేసిన స్వీటీ కూడా నిరుడు అలాంటి జాకెట్టులోనే ఊరు చేరింది. ఆ ఇంటి యజమానిని ఎవరూ ఒక్క మాట అడగలేదు.

"యల్లా, తొందరగా కానివ్వండే. సాయంత్రం విమానం" అన్నాడు వేణుగోపాలరావు, శవాల గది తలుపు బయట నిలబడి.

నర్సు దయాకుమారి జాకెట్టు తిప్పి చూసింది. "మామ్మా, ఇది తొడిగితే వాళ్లమ్మ కూడా మెట్లే అనుకుంటాది. చూడకుండానే కాల్చేస్తారు. ఖలాస్."

"తొడక్కపోతే మన వీసాలు ఖలాస్" అంది హెప్సీ. ఇంటిపని చేసే పిల్ల. "నా పిల్లలకి నువ్వు పెడతావా కూడు?"

"నువ్వు పనిచేసే ఇంట్లోనూ ఉంది కదే ఇస్త్రీపెట్టె" అన్నాను.

హెప్సీ తన జాకెట్టు చేతులు మణికట్టు దాకా లాక్కుంది. "ఆ కత్తెర ఇటియ్యక్కా" అని దయాకుమారిని అడిగి, ఆ కొత్త జాకెట్టు చేతులు రెండూ భుజం దగ్గరికి కత్తిరించేసింది.

ఏజెంటుకి కనపడకుండా పైట కప్పి పంపించాం. వీరదుర్గ తల్లికి నేనే ఫోన్ చేశాను. "పెట్టె తెరువమ్మా. చేతులు చూడు. డాక్టర్లు చూసేదాకా నిప్పు పెట్టనివ్వకు."

ఊరు ఊరంతా పెట్టెతో రోడ్డు మీద కూర్చుంది. డాక్టర్లు మళ్లీ కోసి చూశారు. చంపేశారని రాశారు.

ఇక్కడ మాత్రం యజమాని ఇంట్లోనే ఉన్నాడు. కత్తెర నర్సుది కాబట్టి ఆమే శవాన్ని పాడుచేసిందని ఏజెంటు ఫిర్యాదిస్తే, పోలీసులు దయాకుమారిని పట్టుకెళ్లారు.

సెలవురోజున మా అల్ నహ్దా పేట ఆడవాళ్లం పోలీసు స్టేషను ముందుకి వెళ్లాం. గుంపు కూడితే మిమ్మల్నీ లోపలేస్తామన్నారు. ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగారు.

అప్పుడు హెప్సీ ముందుకెళ్లి, తన జాకెట్టు చేతులు భుజాల దాకా మడిచింది. పక్కామె మడిచింది. వెనక్కి తిరిగినవాళ్లు వచ్చి మడిచారు. నేనూ మడిచాను. నావి మీరెవరూ పుట్టకముందు పడ్డ వాతలు.

ఒక్కొక్కరినే బండెక్కించారు. మడిచిన చేతులు ఎవరూ కిందికి లాక్కోలేదు.