సెంబియను నవ్వు

చైత్రమాసపు టెండ పడమటి కనుమల నీలిశిఖరములవైపు జాఱుచుండ, కొండలసందున దూఱి వచ్చు పొడిగాలికి కొబ్బరిమట్టలు ఒండొంటి నొరసికొని గలగలలాడుచుండ, పొల్లాచి చేరువనున్న యొక తోపునందు పూలదండలతో కప్పబడిన పాడె యొకటి నిలుపబడియుండెను. వెండిరేకులు తాపిన పలకలు అపరాహ్ణసూర్యకాంతిని పట్టి తెచ్చి ఆ పాడెపై పరుండిన వృద్ధుని ముఖమున గ్రుమ్మరించుచుండెను. చుట్టును నిలిచి గుండెలు బాదుకొనుచున్న స్త్రీలు కూలికి వచ్చినవారు. వారిలో నొకతె శోకముల నడుమ ఆవులించెను.

ఆ పరుండినవాడు సెంబియను. కోయంబత్తూరు ప్రాంతపు తెలుగువారింట పట్టాభిరామనాయుడుగా పుట్టి, అరవ చలనచిత్రములందు సెంబియను అను పేరున వెలసి, ఒకనాడు తన గుఱ్ఱపుస్వారీ చూచుటకై మధురైలో జనులు చిత్రశాల తలుపులు విఱుగద్రోయునంతటి కథానాయకుడై, పిదప నాయకునకు అన్నయై, ఆపై ప్రతినాయకుడై, న్యాయాధిపతియై, పెండ్లికుమార్తె తండ్రియై, నలువదియేండ్లుగా మెట్టుమెట్టుగా దిగివచ్చిన నటుడు. ఇప్పుడిక దిగుటకు మెట్టు మిగులలేదు. శవమైయుండెను.

ఈ చిత్రమునందు అతనికి ఒక సన్నివేశము ఇత్తుమని చిత్రము తీయువారు మాట యిచ్చియుండిరి. మరణశయ్యపై తండ్రి కొడుకుతో పలుకు నాలుగు మాటలవి. ఇదియే తన కడపటి చిత్రమని నిశ్చయించుకొన్న సెంబియను వానిని నీళ్లు పోసికొనుచు, మేడమెట్లెక్కుచు, అద్దమునెదుట నిలిచి, వల్లించుచు వచ్చెను. తన వృత్తి మాటతో ముగియవలెనే కాని నోరు మూసికొని ముగియరాదని అతని కోరిక. ఆ ఉదయముననే దర్శకుడు కదిరవను వచ్చి ఆ సన్నివేశమును తీసివేసితిమని తెలిపెను.

"నిడివి ఎక్కువైపోయింది సార్. మీరు పడుకుంటే చాలు, మీ ముఖమే మాట్లాడుతుంది."

"చచ్చినవాడి ముఖం ఏం మాట్లాడుతుందయ్యా?" అని మాత్రము పలికి సెంబియను పోయి పరుండెను.

శవదృశ్యము ఒక్క పర్యాయమునకే ముగిసెను. అయితే చిత్రసీమయందు ఒక ఆచారము కలదు. శవవేషము ధరించినవాడు పని ముగిసినంతనే లేచి కెమెరాను చూచి నవ్వవలెను. ఆ నవ్వు ఫిలిముపై పడవలెను. పిమ్మట గుమ్మడికాయ పగులగొట్టవలెను. కానిచో నటించిన చావు నిజమై యెవరినో ఒకరిని పట్టుకొనునని వారి నమ్మిక. కథానాయకుడైన అరుళ్‌మణి, తెరపై నూర్గురను మట్టికఱపించువాడయ్యును, ఈ విషయమున మిక్కిలి భీరువు.

సెంబియను లేచి కూర్చుండెను. కెమెరా తిరిగెను. అతని పెదవులు కదలెను కాని నవ్వు రాలేదు. మరల యత్నించెను. అలసిన యెద్దు కాడి క్రిందనే మోకరిల్లినట్లు ఆ ముఖము కదలక నిలిచిపోయెను.

"రావడం లేదయ్యా."

"ఊరికే పళ్ళు చూపించండి సార్, చాలు!"

"కట్టుడుపళ్ళు. చూపిస్తే శవమే నయమంటారు."

అరుళ్‌మణి మొగము వెలవెలబోయెను. "పెద్దాయన నవ్వకుండా నేను తర్వాతి షాట్‌కి రాను. మా అమ్మకి తెలిస్తే నన్ను ఇంట్లోకి రానివ్వదు."

ప్రొద్దు వాలుచుండెను. కదిరవను చేతులు జోడించి పాడెచెంత నిలిచెను. సెంబియను అతనిని చూచి, "ఆ నాలుగు మాటలూ చెప్పనివ్వు. చెబితే నవ్వు వస్తుందేమో" అనెను. అందు బెదిరింపు లేదు. అలసట మాత్రమే యుండెను.

దర్శకుడు సరేయని ఆవలికి పోయి ఛాయాగ్రాహకుని చెవిలో గుసగుసలాడెను. ముడిఫిలిము వెల మిన్నంటిన దినములవి. పట్టుపట్టిన ముసలినటుల ముచ్చటను ఖాళీ కెమెరాతో తీర్చుట అక్కడివారికి పాత కపటము. మాటలకు ఖాళీ కెమెరా, మాటలైన పిదప నవ్వునకు ఫిలిము అని ఆ యిరువురు ఏర్పఱచుకొనిరి. అరుళ్‌మణికి ఇది తెలియదు.

నులకమంచము తెప్పించిరి. తెనాలినుండి వచ్చి సెంబియను ముఖమునకు రంగు పూయుటలోనే తల నెరసిన కోటిలింగము అతని చెమట అద్ది తొలగెను. కొడుకు వేషమున అరుళ్‌మణి మంచము ప్రక్కన కూర్చుండెను. కెమెరా తిరుగసాగెను.

తిరిగిన క్షణముననే సెంబియనునకు తెలిసెను. ఫిలిము నమలు కెమెరా గొణుగును. ఖాళీ కెమెరా ఈలవేయును. తాను గుఱ్ఱమెక్కి వెలుగు దినములలో ఒక వృద్ధనటి ఇట్టి యీలనెదుటనే కన్నీరు మున్నీరుగా నటించుచుండ, తాను తెరచాటున నిలిచి నోటికి చేయడ్డుపెట్టుకొని నవ్వినవాడే. ఆమె యాట ముగించి కెమెరాకు నమస్కరించి పోయినది.

అతడు లేచిపోలేదు. నలువదియేండ్లు తన ముడుతలను లెక్కించుచు వచ్చిన ఆ కెమెరా గాజుకన్ను నేడు గ్రుడ్డిదని తెలిసినంతనే యెన్నడు నెఱుగని యొక నిర్భయము అతనిని ఆవహించెను. కొడుకు చేయి పట్టుకొని పలికెను:

"నన్ను మోయడానికి నలుగురు వస్తారు. నువ్వు మాత్రం మోయొద్దు నాయనా. బతికినన్నాళ్ళూ నా బరువు నువ్వే మోశావు. ఆ ఒక్కరోజూ చేతులు ఊపుకుంటూ నడువు."

కూలికి ఏడ్చుచుండిన స్త్రీలు ఊపిరి బిగబట్టిరి. అరుళ్‌మణి తాను పలుకవలసినది మఱచి వెక్కివెక్కి యేడ్చెను. అంతట సెంబియను గాజుకన్ను వైపు తిరిగి చూచెను. ఆ వృద్ధనటి జ్ఞప్తికి వచ్చెను. తెరచాటున నిలిచిన తన యౌవనము జ్ఞప్తికి వచ్చెను. నవ్వు వచ్చెను. కడుపు పట్టుకొని, కన్నులు తుడుచుకొని, మంచపుకోడు చఱచి చఱచి నవ్వెను.

అరుళ్‌మణి యానందమునకు మేర లేదు. గుమ్మడికాయపై కర్పూరము వెలిగించి దిష్టి తీసి పగులగొట్టిరి. ఇంకను కర్పూరము వెలుగుచుండగనే అతడు ఛాయాగ్రాహకుని వైపు తిరిగెను.

"నవ్వు బాగా పడిందా అన్నా?"

వెలుగుచున్న కర్పూరము నెదుట నిలిచి కల్లలాడుటకు ఆ మనుజునకు నోరు రాలేదు; ఫిలిము ఎక్కించులోపలనే నవ్వు వచ్చిపోయినదని యొప్పుకొనెను. దర్శకుడు నేల చూచెను.

"ఖాళీ డబ్బా తిప్పారా? మమ్మల్నందర్నీ పైకి పంపించేద్దామనుకున్నావా కదిరవన్?" అని అరుళ్‌మణి కేకలు వేయ, తోపున గూళ్లకు చేరుచుండిన కాకులు లేచిపోయెను.

ముఖమునందలి రంగు తుడిపించుకొనుచున్న సెంబియను చెంతకు దర్శకుడు కాళ్లీడ్చుకొనుచు వచ్చెను.

"సార్... ఇంకొక్కసారి. నవ్వు ఒక్కటే."

"ఖాళీ డబ్బా ముందే అంత నవ్విన మనిషిని ఇంకేం నవ్వమంటారండీ? అప్పు తెమ్మంటారా?" అని కోటిలింగము చేతిగుడ్డను విదిల్చెను.

"ఊరుకో కోటిలింగం" అని సెంబియను దర్శకుని వైపు తిరిగెను. "ఆ ఈల నాకు వినపడదనుకున్నావా? నవ్వు ఒక్కటే రాదయ్యా. ఆ మాటల వెనకాలే వస్తుంది. ఫిలిం ఎక్కించు."

రంగు మరల పూసి, ఫిలిము ఎక్కించిరి. కెమెరా గొణిగెను. గాజుకన్ను మరల చూపు తెచ్చుకొనెను. సెంబియను ఒక్క మాటయు తప్పక పలికెను, దీపమునకు ముఖము చూపవలసినచోట చూపెను, ఆగవలసినచోట ఆగెను, తుదిని, వృత్తి నేర్పిన నవ్వు నవ్వెను. రెండవ గుమ్మడికాయ లేనందున తోపులోని కొబ్బరికాయ కొట్టిరి.

"అద్భుతం సార్!" అనెను దర్శకుడు.

కోటిలింగము మెల్లగా, "అన్నగారూ, మొదటిది..." అని నసిగెను.

"మొదటిది ఆవిడకి" అని సెంబియను కన్నులు మూసికొనెను. కోటిలింగము అతని కనుఱెప్పలపై రంగు తుడువసాగెను.

తీసివేసిన ఆ సన్నివేశమును నవ్వుతోకూడ మరల చేర్చిరి. చిత్రము విడుదలయ్యెను. నవ్వుచు మరణించిన ఆ తండ్రిని చూచి నగరములు పల్లెలు కంట తడిపెట్టెను. కడపటి చిత్రమను నిశ్చయము నిలువలేదు. నిర్మాతలు వరుసగా వచ్చి ఆ నవ్వే కావలెనని యడుగ, కాదనుటకును ఓపిక లేని సెంబియను పోయి మంచములపై పరుండెను, పలికెను, నవ్వెను. కోరినది ఆలస్యముగా దక్కినప్పుడు మనుజునకు మిగులునది దానిని మోయు పనియే కాబోలు. అటుపిమ్మట అతని యెదుట కెమెరాలో ఫిలిము లేని దినము లేదు. ఆ మొదటి నవ్వు మాత్రము తిరిగి రాలేదు.